ఏప్రిల్‌లో కడితే 5 శాతం రాయితీ, ఆలస్యం చేస్తే సగం వడ్డీ మాఫీ: ఇంటి పన్నులో ఎవరికెంత?

ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోగా ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తామని ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీలు ఏటా చెబుతాయి. నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఇల్లున్నవారికీ ఇది వర్తిస్తుంది. అదే మెట్ట ప్రాంతంలోని ఉదయగిరికి వర్తించదు. అది గ్రామ పంచాయతీ, అక్కడి ఇంటి పన్ను పంచాయతీరాజ్ చట్టం కిందకు వస్తుంది.

ఏడాది పన్ను రూ.10 వేలు అనుకుందాం. ముందే కడితే మీకు రూ.500 మిగులుతుంది. మున్సిపాలిటీకి అంత ఆదాయం తగ్గినా, రెండు వాయిదాల కోసం ఆగకుండా వేసవి ఖర్చులకు డబ్బు చేతిలో ఉంటుంది. బిల్ కలెక్టర్ ఇంటి చుట్టూ తిరిగే పనీ తప్పుతుంది. ఇది పెద్ద నష్టమేమీ కాదు.

చిక్కంతా వడ్డీ మాఫీలోనే ఉంది. గడువు దాటిన పన్నుపై నెలకు 2 శాతం, అంటే మన ఊళ్ల లెక్కలో రెండు రూపాయల వడ్డీ. ఆ రూ.10 వేలు రెండేళ్లు కట్టకపోతే వడ్డీయే రూ.4,800 అవుతుంది. 2025 మార్చిలో ప్రభుత్వం, నెలాఖరులోగా బకాయి కట్టేస్తే వడ్డీలో సగం మాఫీ అంది. ఆలస్యం చేసిన వ్యక్తికి దక్కిన రాయితీ రూ.2,400, టైముకు కట్టినాయనకు రూ.500. నిజమే, మొదటి వ్యక్తి మిగతా వడ్డీ కట్టాల్సిందే. కానీ అది రూపాయి వడ్డీకి దిగింది. బయట ఆ రేటుకు అప్పు పుట్టడం కష్టమే! హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పలుమార్లు 90 శాతం మాఫీ ఇచ్చింది. అక్కడ మిగిలేది ఇరవై పైసల వడ్డీ. మళ్లీ మార్చిలో మాఫీ వస్తుందని తెలిస్తే ఏప్రిల్‌లో ఎవరు కడతారు?

వసూలు తగ్గితే పోయేది పన్ను ఒక్కటే కాదు. ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధికి తగ్గట్టు పెరగాలని 15వ ఆర్థిక సంఘం పట్టణాల గ్రాంట్లకు షరతు పెట్టింది.

ఉదయగిరిలాంటి పంచాయతీకి ఇంటి పన్ను ఇంకా కీలకం. అదే ఆర్థిక సంఘం 2021-26 గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలంది. మిగతా 40 శాతాన్ని జీతాలకు వాడకూడదంది. పంచాయతీ సొంతంగా పెట్టుకున్న సిబ్బందికి జీతం ఇవ్వాలంటే సొంత ఆదాయమే దిక్కు, అందులో ఇంటి పన్నుది ముఖ్యమైన వాటా.

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటూ ఆత్మకూరులో ఇల్లున్నవారు ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు. 5 శాతం తగ్గింపు ఈ ఏడాది పన్నుకే, పాత బకాయిలకు కాదు.