తలుపు తెరిచి నూరేళ్లు, మన ఆడబిడ్డలేరీ?



బరంపురం పేరు చెబితే మన పెద్దలు వకీళ్ల ఊరనేవారు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారి తండ్రి జోగయ్య పంతులు గారు ఇక్కడ పేరున్న వకీలు. అయితే ఆ రోజుల్లో వకీలంటే మగవాడే. ఆ గీతను చెరిపేయాలని అడిగిన ఒక స్త్రీ కథ మన యౌవనులు తెలుసుకోవాలి.

ఆమె పేరు సుధాంశుబాల హజ్రా. ఒరిస్సా నాయకుడు, న్యాయవాది, క్రైస్తవ విశ్వాసి అయిన మధుసూదన్ దాస్ గారు పెంచుకున్న శైలబాలకు సోదరి. అప్పట్లో కటక్ బీహార్-ఒరిస్సా ప్రావిన్సులో ఉండేది. సుధాంశుబాల లా చదివి, ప్లీడరుగా చేర్చుకోమని 1921లో పాట్నా హైకోర్టును అడిగారు. చట్టంలో "వ్యక్తి" అన్న మాట ఉంది. ఆ మాటలో స్త్రీ రాదని కోర్టు తేల్చింది. 1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహకు చెప్పిన జవాబూ అదే. విచిత్రమేమిటంటే, అదే 1921లో అలహాబాదు హైకోర్టు క్రైస్తవురాలైన కార్నేలియా సొరాబ్జీని వకీలుగా నమోదు చేసుకుంది. దేశం ఒకటే, న్యాయం మాత్రం కోర్టుకొక తీరు!

సుధాంశుబాల ఓడిపోయారు గాని ఆమె అడిగిన ప్రశ్న ఓడిపోలేదు. మధుసూదన్ దాస్ గారు ఆమెకు అండగా నిలిచారు. చివరకు 1923లో, స్త్రీ అన్న ఒక్క కారణంతో ఎవరినీ న్యాయవాద వృత్తికి దూరం చేయకూడదని చట్టం వచ్చింది. ఆమె నల్లకోటు వేసుకున్నారు. మన గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఆ మద్రాసు హైకోర్టులో 1929లో బి. ఆనందబాయి మొదటి మహిళా న్యాయవాది అయ్యారు.

ఈ కథ మనకు కొత్తది కాదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయం తీయండి. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు, యాజకుని ముందు, సర్వసమాజం ముందు నిలబడి తమ తండ్రి స్వాస్థ్యం అడిగారు. మోషే వాళ్లను గద్దించి పంపలేదు, వాళ్ల మాటను దేవుని సన్నిధికి తీసుకెళ్లాడు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు. ఆ ఐదుగురి వల్ల ఇశ్రాయేలు కుమార్తెలందరికీ కట్టడ మారింది.

మరి మన సంఘాల సంగతి? తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో కూతురికీ కొడుకుకీ సమాన వాటా. అయినా "పెళ్లికి ఖర్చు పెట్టాం కదమ్మా" అంటూ కాగితం మీద సంతకం పెట్టించుకునే ఇళ్లు మన మధ్యే ఉన్నాయి. ఆ సమాధి కూడికలో ప్రార్థన చేసి, భోజనం చేసి వచ్చేసిన పాస్టర్లలో నేనూ ఒకడిని. ఆ చెల్లెలి పక్కన కూర్చుని "ఆగమ్మా, ముందు చదువు" అని చెప్పేవారు ఎవరూ లేకపోయారు.

2008లో మన పొరుగునున్న కంధమాల్ తగలబడినప్పుడు బాధితులకు బియ్యం, దుప్పట్లు పంపాం, మంచిదే. కాని ఫూల్బనీ కోర్టు మెట్లెక్కిన సాక్షులకు కావలసింది పక్కన నిలబడే వకీలు.

మన ఆడపిల్లలను నర్సులుగా, టీచర్లుగా పంపి, అది దేవుని సేవ అంటాం. న్యాయస్థానానికి పంపడం మాత్రం సేవ అనిపించదెందుకు? ప్రతి సంఘం ఒక్క అమ్మాయికి లా ఫీజు కట్టగలదా? ఈ ఆదివారమే కమిటీలో ఈ మాట ఎత్తండి. చెల్లెమ్మా, నీకు ఆ కోరిక ఉంటే సిగ్గుపడకు. సంఘం ముందు నిలబడి అడుగు.

తలుపు 1923లోనే తెరుచుకుంది. లోపలికి పంపవలసింది మనమే.