వాహనాల స్టాండు – బాధ్యత ఎవరిది?

వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ వంటి పెద్ద సమస్యలు ఎదుట నిలిచి ఉండగా, సైకిళ్లూ స్కూటర్లూ నిలుపుకొనే స్టాండును గురించి సంపాదకీయం వ్రాయవలెనా అని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చును. వ్రాయవలసిన అవసరం ఉన్నదనియే మా అభిప్రాయం. ఒకే బల్ల వద్ద పదేళ్లు కలిసి పనిచేసినవారు ఒక అద్దం పగిలినందుకు పరస్పరం మాటలు మానివేసిన ఉదంతాలు మా దృష్టికి వచ్చుచున్నవి. అట్టివారు రేపు సంఘం పిలుపు ఇచ్చినపుడు ఒకే వరుసలో నిలబడగలరా?

ఒక మెయిలు కార్యాలయంలో జరిగిన సంగతి చెప్పెదము. రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారి బయటకు వచ్చిన ఒక సార్టింగు అసిస్టెంటుకు తన స్కూటరు నేలపై పడి కనిపించినది. హెడ్‌లైటు పగిలినది, హ్యాండిలు వంగినది. ప్రక్కన నిలిపిన మోటారు సైకిలు సహోద్యోగిది. మాట మాట పెరిగి చొక్కాలు పట్టుకొనువరకు పోయినది. ఇరువురూ అధికారికి ఫిర్యాదు చేసిరి. ఉద్యోగికి తగని ప్రవర్తన అంటూ ఇరువురికీ మెమోలు అందినవి. తరువాత మేము విచారించగా తేలినదేమనగా, రాత్రి సంచులు దింపుటకు వచ్చిన అద్దె లారీ ఒకటి వెనుకకు నడుపుచుండగా ఆ వరుస మొత్తానికి తగిలినది. లారీ తిరిగే దారిలో స్టాండు ఎందుకు ఉన్నది, అక్కడ దీపం ఎందుకు లేదు, కాపలా ఎందుకు లేదు అని ఎవరికీ మెమో ఇవ్వబడలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినది అను సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉండవలెను.

వాహనం ఉద్యోగికి విలాసం కాదు. తెల్లవారుజామున రెండు గంటలకు బండి ఎక్కవలసిన లోకో పైలటుకు, అర్ధరాత్రి డ్యూటీ దిగు పాయింట్స్‌మన్‌కు ఏ సిటీ బస్సు దొరకును? పోస్టుమాన్‌కు, ట్రాక్‌మన్‌కు సైకిలు పనిముట్టేనని ప్రభుత్వమే అంగీకరించినది. ఏడవ వేతన సంఘం సైకిలు అలవెన్సును రద్దు చేయుమని సిఫారసు చేయగా, 2017లో ప్రభుత్వం దానిని త్రోసిపుచ్చి, నెలకు 90 రూపాయలుగా ఉన్న ఆ మొత్తాన్ని 180 రూపాయలకు పెంచినది. పనిముట్టుకు భత్యం ఇచ్చువారు ఆ పనిముట్టు ఉంచుకొనుటకు చోటు చూపనక్కరలేదా?

చోటు ఉన్న కార్యాలయాలలోనూ పంపకం వింతగా ఉన్నది. రేకుల నీడ గల స్థలం హోదా ననుసరించి ప్రత్యేకింపబడును. సాయంత్రం ఆరు దాటిన పిమ్మట అది ఖాళీగా పడియుండగా, రాత్రి డ్యూటీకి వచ్చినవాడు ప్రహరీ వెలుపల బండిని వదలి లోపలికి పోవలెను. మహిళా ఉద్యోగి పని ముగించుకొని చీకటిలో ఆ బండి వరకు ఒంటరిగా నడవవలెను. ఔట్‌స్టేషనుకు వెళ్లిన రన్నింగ్ సిబ్బంది మరునాడు తిరిగి వచ్చి చూచునప్పటికి పెట్రోలు ఉండదు, ఒక్కొక్కప్పుడు బండియే ఉండదు.

ఇక చట్టం మాట. ‘వాహనములు యజమానుల సొంత బాధ్యతపై నిలుపవలెను’ అనే బోర్డును చూచి ఫిర్యాదు చేయుటయే మానుకొన్నవారు ఉన్నారు. ఆ బోర్డుతో అంతా ముగిసిపోదు. ఒకరి వస్తువును అప్పగింతగా స్వీకరించినవారు, సామాన్య వివేకం గల మనిషి తన సొంత వస్తువు పట్ల చూపునంత జాగ్రత్త చూపవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను చెప్పుచున్నది. 1998లో ఢిల్లీలోని ఒక హోటలు వద్ద కారు దొంగిలింపబడిన కేసులో, తగిన జాగ్రత్త తీసుకొన్నట్లు చూపకుండ కేవలం అటువంటి షరతును అడ్డుపెట్టుకొని హోటలు తప్పించుకొనజాలదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పినది. అయితే అక్కడ కారునూ తాళపుచెవినీ హోటలు సిబ్బంది చేతికి అప్పగించిరి. మన ఆవరణలలో అట్టి అప్పగింత లేదు, కాగితం లేదు. కావున ఆ తీర్పు మనకు యథాతథంగా వర్తించునని సభ్యులను భ్రమపెట్టరాదు. టోకెను, రిజిస్టరు, కాపలాదారు కావలెనని మనం కోరుటలోని అంతరార్థం ఇదియే. ఆ మూడూ ఉన్ననాడు బాధ్యతను నిరూపించుటకు ఆధారం ఉండును. లేనినాడు నష్టం జీతం నుండియే పోవును. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్నవానికి తన బండి మరమ్మతుకు ఆ బీమా నుండి ఒక్క పైసా రాదు.

క్యాంటీను కూడ ఒకనాడు యాజమాన్యం దయగానే ఉండెను. 250 మందికి మించి కార్మికులున్నచోట క్యాంటీను, 150 మందికి మించినచోట విశ్రాంతి గది ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించిన పిమ్మటనే అవి హక్కులైనవి. స్టాండు ప్రసక్తి ఆ సెక్షన్లలో లేదు. కనుక దానిని చర్చల ద్వారానే సాధించుకొనవలెను.

మన వైపు లోపాలను కూడ దాచరాదు. ఇతరుని బండికి తన బండి తగిలినపుడు ఒక చీటీ వ్రాసి పెట్టి పోవుటకు సిగ్గుపడనక్కరలేదు. చూడనట్లు వెళ్లిపోవుటయే సిగ్గుపడవలసిన పని. సంఘ నాయకుడనన్న పేరుతో నీడ గల చోటును తనదిగా చేసికొన్నవారు ఎవరైనా ఉన్నచో వారు నేడే దానిని విడిచిపెట్టవలెను.

శాఖా కార్యదర్శులకు మా విజ్ఞప్తి ఇది. స్టాండును హోదా ననుసరించి గాక షిఫ్టు ననుసరించి కేటాయించవలెననియు, రాత్రి డ్యూటీవారికీ మహిళలకూ వికలాంగులకూ గేటు దగ్గరి చోటు ఇవ్వవలెననియు, లారీల దారిని స్టాండు నుండి వేరుచేసి దీపాలు, కాపలా ఏర్పరచవలెననియు, నష్టం జరిగినచో మెమోలకు ముందు సంఘ ప్రతినిధి సమక్షంలో విచారణ జరుపవలెననియు కోరుచు తీర్మానాలు చేయుడు. రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశాల అజెండాలోనూ, తపాలాలో జె.సి.ఎం. అజెండాలోనూ దీనిని చేర్పించుడు. ఉద్యోగుల సంక్షేమం జె.సి.ఎం. పరిధిలోని విషయమే.

అంతవరకు ఏ సోదరుని బండి విరిగినను, ప్రక్కవాని చొక్కా పట్టుకొనుటకు ముందు ఆ ఆవరణలో దీపం వెలుగుచున్నదా అని ఒకసారి తల ఎత్తి చూడుడు.