బేసు గిటారు సామగ్రి: ఈ యేటి మంచి బేరములు, చెడ్డ బేరములు

గడచిన సంవత్సరమున మన పాఠశాల విద్యార్థుల యిండ్లలోనికి బేసు గిటారులు చాలనే ప్రవేశించినవి. వానితోపాటు ఆంప్లిఫయరులు, పెడళ్ళు, తంతులు, భుజపు పట్టీలు కూడ వచ్చినవి. వానిలో ననేకములను చూచుటకును, కొన్నింటిని శ్రుతి చేయుటకును నాకు అవకాశము కలిగినది. తలిదండ్రులలో పలువురు "మేము పెట్టిన సొమ్ము సార్థకమైనదా?" అని యడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరువేరుగా ఉత్తరము చెప్పుటకంటె ఈ పత్రికాముఖమున నా యభిప్రాయమును నిస్సంకోచముగా వ్రాయుట మేలని తోచినది. ఈ యేడు నేను చూచిన కొనుగోళ్ళలో మిక్కిలి మంచిది ఒక పాత వాద్యమునకు చేయించిన మరమ్మతు. మిక్కిలి చెడ్డది నలుగురు మోయవలసిన యొక స్పీకరు పెట్టె. ఇట్లనుటకు కారణములు కలవు.

ముందుగా ఈ వాద్యము నెరుగని పెద్దలకొరకు కొన్ని మాటలు. పాశ్చాత్య వాద్యగోష్ఠిలో మంద్రస్వరములను పలికించుటకు పూర్వము మనిషి యెత్తును మించిన డబుల్ బేసును వాడెడివారు. దానిని ఊరూరికి మోసికొని పోవుట కష్టము. ఇతర వాద్యముల రొదలో దాని నాదము వినబడుటయు కష్టమే. 1930 దశకమున అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నతడు మెట్లుగల విద్యుత్ బేసు నొకదానిని చేసెను గాని యది ప్రచారమునకు రాలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫులర్టన్ పట్టణమున లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' అను దానిని వెలువరించెను. మన వీణకున్నట్లు దీని మెడకును మెట్లుండుటచేత వ్రేలుంచినచోట స్వరము కచ్చితముగా పలుకును; ఆ పేరునకు అదియే కారణము. తంతి మ్రోగు భాగపు పొడవు 34 అంగుళములు. తంతులు నాలుగు. వానిలో మిక్కిలి లావైనది సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. ఒక చెక్కమొండెము, మరలతో బిగించిన మెడ, పికప్పు, నాలుగు తంతులు, నిర్మాణమంతయు నింతే. ఈ సరళతయే మన పాలిటి మేలైనది. నేడు చవుకగా దొరకు బేసులలో చాల భాగము ఈ నమూనానే యనుసరించుచున్నవి. ఇంత సరళమైన వస్తువును చవుకగా చేసినను మిగుల చెడగొట్టుట సులభము కాదు. కావున వెల తక్కువయన్న కారణమున ఏ వాద్యమును తృణీకరింపరాదు.

ఇక మంచి బేరము సంగతి. పదియవ తరగతి బాలుడొకనికి తండ్రి పాత నాలుగు తంతుల బేసును కొనియిచ్చెను. నెల తిరుగకమునుపే వాని వ్రేళ్ళు బొబ్బలెక్కినవి. "సంగీతము నాకు రాదు" అని వాడు వాద్యమును మంచము క్రిందికి త్రోసెను. తండ్రి యది నాసిరకమని తలచి, దానిని అమ్మివేసి, అప్పు చేసియైనను మూడింతల వెలగల దానిని కొనవలెనని నిశ్చయించుకొనెను. నిజమునకు వాద్యమున దోషము లేదు. పండ్రెండవ మెట్టుకడ లావు తంతికిని మెట్టుకును నడుమ నాలుగు మిల్లీమీటర్లకు పైగా సందుండెను. అచట రెండు, రెండున్నర మిల్లీమీటర్లుండిన చాలును. అంత యెత్తున నున్న తంతిని అదిమి పట్టుట పెద్దవారికే శ్రమ. పదునైదేండ్ల వానికి వేరుగా చెప్పవలెనా?

నాలుగు ఉక్కుతంతులును కలిసి మెడను సుమారు 75, 80 కిలోల బలముతో లాగుచుండును. ఆ లాగుడుకు కొయ్య ముందునకు వంగును. దానిని నిలువరించుటకు మెడలోపల ట్రస్ రాడ్ అను ఉక్కుకడ్డీ నమర్చుదురు. దాని మరను కొంచెము కొంచెముగా త్రిప్పి వంపును సరిచేయవచ్చును. పిదప తంతులు ఆనుకొనియుండు చిన్న దిమ్మెలను దించి యెత్తు తగ్గింపవచ్చును. పనివాడు ఒక పూటలో ఇదంతయు చేసెను. క్రొత్త తంతులతో కూడ ఖర్చు వాద్యపు వెలలో పదియవ వంతునకు మించలేదు. ఇప్పుడా బాలుడు దినమున కొక గంట సాధన చేయుచున్నాడు. తండ్రికి అప్పు తప్పినది; కొడుకునోట "నాకు రాదు" అను మాట పోయినది. మన తీరప్రాంతమున వానకాలపు చెమ్మకు కొయ్య యుబ్బుచు, ఎండలకు సంకోచించుచు నుండుటచేత మెడవంపు మారుచుండును. కావున ఏటికొకసారియైనను ఈ పని చేయింపవలెను. దుకాణదారులలో కొందరు ఈ మాట చెప్పరు. క్రొత్తది కొనుమనియే చెప్పుదురు.

తంతుల విషయమున కూడ మనవారు వెచ్చించు సొమ్ము స్వల్పము, పొందు లాభము అధికము. తంతులు ముఖ్యముగా రెండు విధములు. గుండ్రని తీగ చుట్టినవి తళతళలాడు నాదము నిచ్చును; 1960 దశకమున ఇంగ్లండులో 'ది హూ' బృందమునకు చెందిన జాన్ ఎంట్విజిల్ రోటోసౌండ్ వారి అట్టి తంతులను వాడి వాటికి కీర్తి తెచ్చెను. చదునైన పట్టీ చుట్టినవి మృదువుగా, బరువుగా పలుకును. డిట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ పాటలకు బేసు వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేసుపై లాబెల్లా వారి చదును తంతులనే వాడెను. వానిని మార్చుట యన్న ఆయనకు గిట్టదు. కుడిచేతి చూపుడువ్రేలొక్కటియే ఆయన సాధనము. ఆయన తరువాత బేసు పట్టినవారిలో ఆయనకు ఋణపడనివారు అరుదు. ఈ యేడు ఇద్దరు విద్యార్థులు చదును తంతులను కొనిరి. గుండ్రని వానికంటె వెల హెచ్చే. కాని ఉప్పుగాలియు చెమటయు కలిసి గుండ్రని తంతుల సందులలో మురికి పేర్చి కొలది నెలలలో నాదమును చంపివేయుచుండగా, ఇవి యేండ్ల తరబడి నిలుచును. ఇవి నా లెక్కలో రెండవ మంచి బేరము. పాత తంతులను నీటిలో మరిగించిన మరల మెరుపు వచ్చునను మాట కొంత నిజమే గాని ఆ మెరుపు కొన్నాళ్ళే యుండును. ఆ పనిని తల్లిగారి పప్పుగిన్నెలో చేసిన విద్యార్థి యెవరో ఆయనకు తెలియును. ఆయన తల్లిగారికిని ఇప్పటికి తెలిసియుండును.

వెడల్పైన తోలుపట్టీ, మెడ చివర తగిలించు ట్యూనరు, చెవిగొట్టములతో వినుటకు వీలైన అరచేతి ఆంప్లిఫయరు, ఈ మూడును కొన్నవారెవరును విచారపడలేదు. కడపటిది పరీక్షల దినములలో ఇరుగుపొరుగువారి ఆశీర్వచనమును కూడ సంపాదించి పెట్టును.

చెడ్డ బేరములలో మొదట ఐదు తంతుల బేసును చెప్పవలెను. వాద్యము చెడ్డది కాదు. కొన్న యిల్లు దానికి తగినది కాదు. ఏడవ తరగతి బాలునికి దానిని తెచ్చియిచ్చిరి. ఐదవ తంతి సెకనుకు 31 సార్లు మాత్రము కంపించును. ఇంటనున్నది ఎనిమిదంగుళముల స్పీకరు. అంత లోతైన స్వరమును ఆ స్పీకరు దాదాపు పలుకజాలదు. చెవికి సోకునది దానిపై పుట్టు అనుస్వరములే. ఈ వినబడని స్వరమునకై బాలుడు వెడల్పు మెడను, అధికమైన బరువును భరింపవలసి వచ్చుచున్నది. మనవారు సాధారణముగా నేర్చుకొనగోరు పాటలకు నాలుగు తంతులు చాలును. ఇళయరాజాగారు 1989లో 'గీతాంజలి' చిత్రమునకు కూర్చిన పాటలను శ్రద్ధగా వినుడు. పాట క్రింద మరియొక పాట నడచుచున్నట్లు బేసు నడచును. ఆ నడక తంతుల సంఖ్యవలన వచ్చినది కాదు.

ఒకరు మామూలు గిటారు ఆంప్లిఫయరునకు బేసును తగిలించి పెద్దగా మ్రోగించిరి. దాని స్పీకరు అంతటి కదలికకు చేసినది కాదు. చినిగినది. మరియొకరు ప్రసిద్ధమైన పేరుగల బేసును ఇంటినుండియే తెప్పించుకొనగా వచ్చిన దానిపై పేరు మాత్రమే ప్రసిద్ధము. బ్యాటరీగల బేసును కొన్న యొకాయన నెలకొక తొమ్మిది వోల్టుల బ్యాటరీని మ్రింగుచున్నదని చింతించెను. వాయించుట ముగిసిన పిదప తీగముల్లును ఊడదీయకున్న అట్టి బేసులో బ్యాటరీ ఖర్చగుచునే యుండును. ఇది చెడ్డ బేరము కాదు, దుకాణమున చెప్పని మాట.

ఇక ఆ పెట్టె. పాత విద్యార్థుల వాద్యబృందమొకటి చందాలు ప్రోగుచేసి దానిని కొన్నది. 1969లో ఆంపెగ్ వారు ఎస్.వి.టి. అను 300 వాట్ల ఆంప్లిఫయరును, ఒక్కొక్కదానిలో పదియంగుళముల స్పీకర్లు ఎనిమిదేసి గల పెట్టెలను వెలువరించిరి. అవి వేలకొలది జనులు కూడు మైదానములకొరకు పుట్టినవి. ఆ పద్ధతి పెట్టెను మూడువందల మంది కూర్చుండు మందిరమునకు తెచ్చుట యెందుకు? వాట్లు రెట్టింపయినచో నాదము రెట్టింపగునని యొక భ్రమ కలదు. వాట్లు రెట్టింపయినప్పుడు పెరుగునది మూడు డెసిబెల్లులే. చెవికి రెట్టింపుగా తోచవలెనన్న సుమారు పదిరెట్ల వాట్లు కావలెను. అంతేకాదు, 41 కంపనముల స్వరపు తరంగము ఎనిమిది మీటర్లకు పైగా పొడవుండును. చిన్న మందిరమున నది గోడలకు తగిలి మరలుచు ఒక మూలను గుబగుబలాడుచు, వేరొక మూలను మాయమగుచుండును. ముందు వరుసవారు చెవులు మూసికొనగా వెనుక వరుసవారు బేసు వాయించువాడు రాలేదా యని యడిగిరి. పెట్టె యిప్పుడు సామానుల గదిలో నున్నది. దానిపై పలువురు పేదవారి చందాలు కూడ ఉన్నవని తలచినప్పుడే నాకు బాధ కలుగుచున్నది.

అందమైన వాద్యము ఎదుటనున్న బాలునికి సాధనపై ఆసక్తి పుట్టునని కొందరనుచున్నారు. ఇది నిజమే, నేను కాదనను. ఎరుపు కావలెనన్న ఎరుపే కొనుడు; రంగునకు వెల లేదు. కాని పెడళ్ళ వరుసకు ఈ వాదము చెల్లదు. నాలుగు పెడళ్ళు కొన్న విద్యార్థి సాధన వేళలో మూడుపాళ్ళు మీటలు త్రిప్పుటలోనే గడపుచుండుట చూచితిని.

ఇన్ని మాటలు ఇప్పుడే చెప్పుటకు మరియొక హేతువు కలదు. మన పాఠశాల వాద్యబృందమునకు వచ్చు జూన్ నాటికి ఒక బేసును కొనుటకై సంఘమువారు సొమ్ము కూర్చియున్నారు. ఐదు తంతులది, దానికి తగిన పెద్ద పెట్టె యని యొక ప్రతిపాదన వచ్చినట్లు వింటిని. నా ప్రతిపాదన వేరు. నాలుగు తంతుల సామాన్యమైన బేసు ఒకటి. పండ్రెండంగుళముల స్పీకరుతో నూరు వాట్ల ఆంప్లిఫయరు ఒకటి, మిగిలిన పని మందిరపు లౌడుస్పీకర్లు చూచుకొనును. పనివానికి మొదటి సంవత్సరపు కూలి. చదును తంతుల జత ఒకటి. ఇంకను మిగులు సొమ్ముతో రెండవ విద్యార్థికి మరియొక పాత బేసును వెదకవచ్చును.

ఇందు ఒక్కటి మాత్రము తేలవలసియున్నది. బృందమున బేసు వాయింపనున్న బాలిక ఎనిమిదవ తరగతిది, చేతులు చిన్నవి. 34 అంగుళముల బేసున మొదటి మెట్టును అందుకొనుట ఆమెకు ప్రయాసము కావచ్చును. 30 అంగుళముల పొట్టి బేసులును దొరకును. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గు నగరమున సుమారు 30 పౌనులకు కొన్న హోఫ్నర్ బేసు ఆ పొట్టి జాతిదే. ఎడమచేతివాడైన ఆయనకు దాని రెండు ప్రక్కలును సమముగా నుండుట నచ్చినది. వెలయు అందుబాటులో నుండెను. బీటిల్స్ బృందపు తొలి ప్రసిద్ధ గీతములలో పలికినది ఆ చవుక వాద్యమే. 1972లో దొంగిలింపబడిన యా బేసు 2024లో ఆయనకు మరల చేరినట్లు ప్రకటింపబడినది. సంఘమువారు పట్టణమునకు పోవు దినమున ఆ బాలికను, ఆమె తల్లిగారిని వెంట తీసికొనిపోయి, రెండు కొలతల వాద్యములను ఆమె యొడిలో నుంచి, మొదటి మెట్టుపై నాలుగు తంతులను వరుసగా నొక్కించి చూడవలెను. బేరమాడుట ఆ పిదపనే.