తుఫాను ఎత్తు ఎంత?

తుఫాను అనగానే టీవీలో చూపే తెల్లటి సుడి గుర్తొస్తుంది. అది పైనుంచి తీసిన ఫోటో. అందులో కనబడేది మేఘాల పైకప్పు మాత్రమే. లోపల వాన ఎంత జోరుగా, ఎంత ఎత్తున ఉందో తెలియదు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమను, యానాన్ని ఊడ్చిపెట్టి వెయ్యి మందికి పైగా బలిగొన్న తుఫాను నాటికి వానను పైనుంచి కొలిచే రాడారు అంతరిక్షంలో లేదు.

మరుసటి ఏడు నవంబరులో అమెరికా, జపాన్ కలిసి టి.ఆర్.ఎం.ఎం. అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది 2015 వరకు పనిచేసింది. దాని రాడారు కిందికి రేడియో తరంగాలు వదిలేది. అవి చినుకులకు తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఎత్తు, వాటి బలాన్ని బట్టి వాన జోరు లెక్కకొచ్చేవి. ఎత్తులో ప్రతి 250 మీటర్లకూ ఒక అంకె. మా బ్యాంకు లెడ్జరు పేజీలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టన్నమాట. ఆ దొంతరలో ఒకే విలువ ఉన్న చోట్లన్నీ కలిపి కంప్యూటరు ఒక పొరలా గీస్తుంది, రంగు వేసి వెలుగునీడలు అద్దుతుంది. తుఫాను కన్ను చుట్టూ గోపురాల్లా లేచిన వాన స్తంభాలు అలా కళ్ళకు కట్టాయి. వీటిని 'హాట్ టవర్లు' అంటారు. 1958లోనే వీటి గురించి రాసిన ఇద్దరిలో జోయాన్ సింప్సన్ ఒకరు. ఈ ఉపగ్రహం తయారీలో శాస్త్ర విభాగానికి నాయకురాలు కూడా ఆవిడే! కన్ను దగ్గర 14.5 కిలోమీటర్లు దాటిన గోపురం లేస్తే తుఫాను ముదిరే అవకాశం ఎక్కువని తర్వాత తేలింది. కనుక ఇది ఉత్త అలంకారపు బొమ్మ కాదు.

అయితే ఒక తిరకాసుంది. 600 కిలోమీటర్ల వెడల్పు, 15 కిలోమీటర్ల ఎత్తు ఉన్న తుఫానును 60 సెంటీమీటర్ల బొమ్మగా గీస్తే దాని మందం ఒకటిన్నర సెంటీమీటరే. పెద్ద ఊతప్పం! అలా గీస్తే ఏమీ కనబడదు కాబట్టి ఎత్తును ఎన్నో రెట్లు సాగదీస్తారు. ఊతప్పం కాస్తా కొండవుతుంది. రంగులూ అంతే, అవి మేఘాల అసలు రంగులు కావు. సాగదీయడం తప్పు కాదు. ఎన్ని రెట్లో చెప్పకపోవడం తప్పు. సున్నా దగ్గర మొదలవని బార్ చార్టులో లాభాలు చూపిస్తే మా ఆడిటర్లు ఊరుకుంటారా?

యానాం, గోపాల్‌పూర్ వైపు ఉన్న మనవాళ్ళకు ఇంకో మాట. ఈ గోపురాల్లో ఉప్పెన కనబడదు. అది గాలి వేగం, సముద్రపు అడుగు వాలు, తీరం పల్లం ఇవన్నీ కలిపి వేసే వేరే లెక్క. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఆ లెక్క వేస్తుంది. బొమ్మ తెర మీద ఎంత అందంగా తిరిగినా, ఇల్లు వదలాలా వద్దా అన్నదానికి చూడవలసింది హెచ్చరికలో మన తీరానికి ఇచ్చిన మీటర్ల అంకె. 2 మీటర్లని ఉంటే, మామూలు పోటు మీద ఇంకో 2 మీటర్లని అర్థం.