వెనుక వ్రాలు

“తమకుగాని, తమ యనుమతి పొందినవారికిగాని చెల్లింపగలవాడను” అని మన యూళ్లలో ప్రామిసరీ నోటు వ్రాయు దస్తూరి తడుముకొనకుండ వ్రాసిపోవును. ఆ యనుమతి నోటిమాట కాదు; నోటు వెనుక పెట్టు వ్రాలు. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమునందు దీనినే ఎండార్సుమెంటు అందురు.

పుచ్చుకొనువాని పేరు వ్రాసి వ్రాలు చేసినచో హక్కు వానికే చెందును. ఉత్త వ్రాలు చేసినచో కాగితము ఎవనిచేత నున్న వాడే సొమ్మడుగవచ్చును. అంతటితో తీరినదా? ఋణస్థుడు చెల్లింపనప్పుడు, సకాలమున నోటీసు అందినచో, వెనుక వ్రాలు చేసినవాడును బాధ్యుడే. “నాకు పూచీ లేదు” అని స్పష్టముగా వ్రాసికొన్నవానికే విముక్తి. అట్లు వ్రాసికొన్నవానిని మా వకీలు వృత్తిలో ఒక్కని గూడ మేము చూడలేదు.

ఇంతకంటె ఘోరమైనది ఖాళీ కాగితముపై వ్రాలు. స్టాంపు అంటించి వ్రాలు చేసి యిచ్చినచో, ఆ స్టాంపునకు చాలునంత మొత్తము వ్రాసికొనుటకు అధికార మిచ్చినట్లేయని అదే చట్టపు 20వ సెక్షను చెప్పుచున్నది. అడిగినతోడనే చెల్లింపవలసిన నోటునకు రూపాయి స్టాంపు ఎంత మొత్తమునకైనను చాలును! చెక్కు సంగతియు నంతే. స్వచ్ఛందముగా వ్రాలు చేసి యిచ్చిన ఖాళీ చెక్కైనను, అప్పు లేదని రుజువు చేయు భారము ఇచ్చినవానిదేయని 2019లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. చెక్కు చెల్లకపోయినచో రెండేండ్లవరకు కారాగారము గూడ పడవచ్చును.

మరియొక వ్రాలు కలదు. మూడేండ్ల గడువు ముగియవచ్చినప్పుడు సావుకారు నోటుతో వచ్చి, “నూరు రూపాయలు చెల్లు వేసికొందము, ఇచ్చట వ్రాలు చేయుము” అనును. అప్పు కొంత తగ్గెనని ఋణస్థుడు సంతోషించును. ఆ చెల్లుతో మరి మూడేండ్ల గడువు పుట్టినదని వానికి తెలియదు. న్యాయమైన అప్పును ఎగవేయుమని మేము చెప్పుటలేదు. తాను చేసిన వ్రాలునకు అర్థము తెలిసికొనుట ఋణస్థుని హక్కు.

ఇదంతయు మన మొగమాటమువలన వచ్చినదే. బంధువు వచ్చి కలము చేతికిచ్చినప్పుడు “చదివి చేసెదను” అనుట అవమానించుటగా మనము భావించుచున్నాము.

సొంత సొమ్మువరకే యైనచో ఈ శీర్షికలో దీనిని చర్చింపకపోదుము. పంచాయతీలలోను సహకార సంఘములలోను మినిట్సు పుస్తకమున ముందుగా వ్రాళ్లు తీసికొని, తీర్మానము పిదప వ్రాసికొను వాడుక కొన్నిచోట్ల కలదు. మన యనుమతి లేకయే మన పన్నులను వ్యయించుచున్నారని పరాయి ప్రభుత్వముతో పోరాడినవారము మనమే కదా! ఆ యనుమతి నిప్పుడు ఖాళీ పుటపై పెట్టి, ఇంటికి పోయి భోజనము చేయుచున్నాము.

గ్రంథాలయములందు కూడు మిత్రులు ఒక సాయంకాలము అచ్చు ప్రామిసరీ నోటును, సంఘపు మినిట్సు పుస్తకమును తెప్పించి, వాక్యము వాక్యము చదివి అర్థము చెప్పవలయునని కోరుచున్నాము. వ్రాలు చేయనేర్చి చదువనేరనివారిని ముందు వరుసను కూర్చుండబెట్టవలయును.