సముద్రం మింగిన చేనుకు పరిహారం ఏది?

నది దారి మార్చుకుని పొలాన్ని కోసుకుపోతే విపత్తు సహాయ నిబంధనల్లో దానికో గడి ఉంది. సన్న, చిన్నకారు రైతుకు హెక్టారుకు 47,000 రూపాయలు ఇస్తారు. ఎకరాకు లెక్కిస్తే 19 వేలు. ఆ డబ్బుకు ఎకరం నేల ఏ జిల్లాలో దొరుకుతుందో రాసినవాళ్లే చెప్పాలి. సముద్రం తీసుకున్న పొలానికి ఆ పాటి కూడా లేదు. కొండచరియలు, మంచుచరియలు, నది దారి మారడం, ఈ మూడింటినే రాశారు. కేంద్రం గుర్తించిన 12 విపత్తుల్లో తుపాను ఉంది, సునామీ ఉంది. ఏళ్ల తరబడి సాగే సముద్రపు కోత లేదు.

తీర గ్రామాల రైతులకు ఈ కోత ఎలా ఉంటుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. కెరటం గట్టు పైభాగాన్ని కొట్టదు, అడుగును తొలుస్తుంది. అడుగు డొల్ల అయ్యాక పై మట్టి చెట్టుతో సహా విరిగి పడుతుంది. పడినదాన్ని వెనక వచ్చే కెరటాలు ఈడ్చుకుపోతాయి, మళ్లీ అడుగు తొలవడం మొదలవుతుంది. గట్టు ముందు ఇసుక మేట ఉంటే కెరటం అక్కడే విరిగి బలం కోల్పోతుంది. డెల్టాలో ఆ మేటకు సరుకు తెచ్చేది నది. ఇప్పుడు ఆ సరుకే రావడం లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్కలు చూడండి. 1970వ దశకంలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాత అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి మరీ ఘోరం. 1960ల చివర 90 లక్షల టన్నులు ఉన్నది 2000–05 నాటికి 4 లక్షలకు దిగింది. 1965 నుంచి 2008 వరకు ఈ రెండు డెల్టాల తీరంలో 76 చదరపు కిలోమీటర్ల నేల పోయింది. మన భాషలో చెప్పాలంటే దాదాపు 18,800 ఎకరాలు.

ఇక్కడ మనం మొహం చాటేయకూడదు. ఆ ఒండ్రు ఆగింది మన పొలాలకు నీళ్లిచ్చే జలాశయాల్లోనే. ప్రాజెక్టుల కోసం పోరాడిన సంఘం మనది, ఇకపైనా పోరాడతాం. కానీ ఎగువన లక్షల ఎకరాలు తడిసినందుకు మూల్యం చివరి ఊళ్ల రైతు ఒక్కడే చెల్లించడం న్యాయం కాదు. లాభం అందరిదీ, నష్టం ఒకరిదీనా?

ఉప్పాడ కథ కొంత వేరు. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంబడి కదిలే ఇసుకను హోప్ ఐలాండ్ తిన్నె పట్టి ఆపుతోంది, ఓడరేవు కట్టడాలూ దానికి తోడయ్యాయి. అక్కడ జియోట్యూబులు పరిచారు, బండరాళ్లు పోశారు. అయినా తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కొట్టుకుపోతూనే ఉంది. రోడ్డు తెగితే మంత్రులు వస్తారు, కెమెరాలు వస్తాయి. పక్కన చేను తెగితే ఎవరూ రారు.

పొలం పోయినా పాస్‌బుక్కు మాత్రం మిగులుతుంది. సర్వే నంబరు కాగితం మీద ఉంటుంది, బ్యాంకు అప్పు ఉంటుంది, భూమి నీళ్లలో ఉంటుంది. మిగిలిన చెక్కకు డ్రెయిన్ల గుండా ఉప్పునీరు ఎదురెక్కుతుంది, బోరు నీళ్లు కొబ్బరికి కూడా పనికిరాకుండా పోతాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26కు కోత నివారణకు 1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్లు సిఫార్సు చేసింది. అది దేశం మొత్తానికి, నదుల కోతతో కలిపి. అందులోనూ నిర్వాసితుడంటే ఇల్లు పోయినవాడే. పొలం పోయినవాడి ఊసు లేదు.

విపత్తుల జాబితాలో సముద్రపు కోతను చేర్చాలి. పోయిన భూమికి నదీ కోతకిచ్చే ముష్టి కాకుండా ఆ ఊరి భూమి విలువను బట్టి పరిహారం ఇవ్వాలి. ఆ సర్వే నంబర్ల మీది పంట రుణాలను రద్దు చేయాలి. తీరం వెంబడి మడ అడవులు, సరుగుడు తోటలు నరకడం, ఇసుక తవ్వడం ఆపాలి. కొత్త ప్రాజెక్టు ఏది కట్టినా ఒండ్రు కిందికి వదిలే ఏర్పాటు ఏమిటో ముందే చెప్పాలి.

తీర మండలాల కమిటీలకు ఒక పని. పాత అడంగల్, ఎఫ్‌ఎంబీ నకళ్లు తీయించి, ప్రతి రైతుకు ఎంత ఉండేది, నేడు ఎంత మిగిలిందో సర్వే నంబర్లవారీగా రాసి వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. కౌలుదార్ల పేర్లు వదిలేయకండి.