గడప దాటరాని సెట్టింగులు

రసాయన శాస్త్రంలో ఒక కొలతను పేర్కొన్నప్పుడు, దానిని ఏ పరిస్థితులలో తీశారో కూడా పేర్కొనడం నియమం. శుద్ధజలపు పి.హెచ్. 7 అన్న మాట 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సత్యం; 60 డిగ్రీల వద్ద అది ఇంచుమించు 6.5కు దిగుతుంది. నీరు ఆమ్లంగా మారలేదు, పరిసరం మారింది. ఈ క్రమశిక్షణ డేటాబేసు ప్రోగ్రాములు వ్రాసేవారికి కూడా అత్యవసరమని నా అభిప్రాయం.

ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసును తీసుకుందాం. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో మొదలైన పరిశోధన దీనికి మూలం. ఇందులో తేదీని ఎట్లా చదవాలో నిర్ణయించే డేట్‌స్టయిల్ అనే సెట్టింగు ఉన్నది. 03/04/2024 అన్న అంకెలను భారతీయ పద్ధతిలో చదివితే ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో చదివితే మార్చి 4. నడుమ 30 రోజుల అంతరం! నెల రోజులకు మించి నిలువ ఉండని ద్రావణం విషయంలో ఇది స్వల్పం కాదు. 13/04 అని ఉంటే, పదమూడవ నెల లేదు కనుక, అమెరికా పద్ధతిలో ఉన్న డేటాబేసు అభ్యంతరం చెబుతుంది. 03/04 విషయంలో మాత్రం మౌనంగా తప్పు జవాబు ఇస్తుంది.

ఇట్టి తేదీని చదివే ఫంక్షను సాధారణంగా తనను పిలిచిన వారి సెట్టింగునే అనుసరిస్తుంది. కనుక ఒకే ప్రశ్నకు ఇద్దరికి రెండు జవాబులు రావచ్చు. దీనిని నివారించడానికి కొందరు ఫంక్షను లోపల 'సెట్' అన్న ఆదేశం వ్రాస్తారు. ట్రాన్సాక్షను రద్దయితే తప్ప ఆ మార్పు ఫంక్షనుతో ముగియదు. సెషను పొడుగునా నిలిచి తరువాతి పనులను కూడా మార్చివేస్తుంది. 'సెట్ లోకల్' అని వ్రాసినా, దాని హద్దు ట్రాన్సాక్షనే కాని ఫంక్షను కాదు.

సరియైన మార్గం 2008లో విడుదలైన 8.3 వెర్షనుతో లభించింది. సెట్టింగును ఫంక్షను నిర్వచనంలోనే, ఆదేశాల భాగానికి వెలుపల, ప్రకటించవచ్చు. ఫంక్షను మొదలవగానే అది అమలులోకి వస్తుంది; ముగియగానే పూర్వపు విలువ తిరిగి వస్తుంది. యజమాని హక్కులతో నడిచే ఫంక్షనులకు సెర్చ్‌పాత్‌ను ఇట్లా బిగించకపోతే, అదే పేరుగల వేరొక పట్టికను ఎవరైనా చొప్పించి మోసగించే ప్రమాదం కూడా ఉన్నది.

దీనివల్ల వేగం తగ్గుతుందని ఆక్షేపించేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. చిన్న ఎస్.క్యూ.ఎల్. ఫంక్షనును పిలిచిన క్వెరీలోనే కలిపివేసే సౌకర్యం ఇట్టి ప్రకటనతో పోతుంది. వేగమే ముఖ్యమైన చోట తేదీని 2024-04-03 అని సంవత్సరంతో మొదలుపెట్టి పంపితే ఏ సెట్టింగులోనైనా అది ఏప్రిల్ 3గానే ఉంటుంది. మిగిలిన చోట్ల ఆ కొద్ది జాప్యాన్ని సహించడమే వివేకం. తప్పు జవాబు ఎంత త్వరగా వస్తే మాత్రం ప్రయోజనమేమి?

మన యువతీయువకులలో అనేకులు ఈ వృత్తిలో ఉన్నారు. తమ ఫంక్షను ఏ సెట్టింగులపై ఆధారపడుతున్నదో గుర్తించి, వాటిని నిర్వచనంలోనే ప్రకటించే అలవాటు చేసుకోవలసిందిగా వారికి నా మనవి.